సీ వ్యూ లాడ్జి, నాంపల్లి

స్టేషనుకి ఎదురు సందులో
పాన్ డబ్బా పక్కన మెట్లెక్కితే
మా మామగారి సముద్రం కనిపిస్తుంది.
బందరు వదిలి వచ్చిన ఏడు
పెయింటర్ యాదగిరిని పిలిచి
గోడ నిండా వేయించాడట.
యాదగిరి సముద్రం చూసినవాడు కాదు.
ట్యాంక్‌బండ్ మీద ఓ సాయంత్రం నిలబడి చూసొచ్చి
అవతలి గట్టు తీసేసి వేశాడు.

ఓడ కూడా ఉంది. కొంచెం ఆర్టీసీ బస్సులా ఉంటుంది.

ఈ ఊళ్ళో సముద్రం ఎక్కడమ్మా అని
అడగని మనిషి దిగలేదు ఈ పదహారు గదుల్లో.
మెట్ల దగ్గర, అంటాను.
తాళంచెవి చేతిలో పెడతాను.

మృగశిర వస్తే నాకు ఊపిరాడదు.
ఊపిరాడనివాళ్ళంతా ఆ రెండు రోజులకే వస్తారు,
చేపమందుకి.
వరండాలో చాపలు, మేడమీద చాపలు,
రాత్రంతా రొమ్ముల్లో పిల్లికూతలు.
తెల్లారాక వేలెడంత చేపని మింగి వచ్చి
ఒక్కొక్కరూ నోరు మూసుకుని కూర్చుంటారు,
లోపల అది ఎటు ఈదుతోందో
చెవిపెట్టి వింటున్నట్టు.

ఆ తర్వాత వానలు.
గ్రూప్ టూ రాసే పిల్లలు, వాయిదాలకి వచ్చినవాళ్ళు,
నిలోఫర్‌లో పసిగుడ్డుని పెట్టుకుని
బాలింత గుడ్డలు కిటికీ ఊచలకి ఆరేసే అత్తలు.
ఆరవు. ఏదీ ఆరదు.
చెమ్మ తాగి తాగి మామగారి కెరటం
గోడ మీంచి బయటికి ఉబుకుతుంది.
కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి పట్టుకుని ఎక్కుతుంటే
ఆ బస్సు లాంటి ఓడ కూడా
ఓ అంగుళం కదిలినట్టే ఉంటుంది.

వినాయకుల లారీలు వెళ్ళిపోయాక
ఏదో ఒక రాత్రి
ఎవరూ చెప్పకుండానే
ఫ్యాను మూడు నుంచి రెండుకి దిగుతుంది.
సిటీ బస్సుల్లో గునుగుపువ్వు కట్టలు
టిక్కెట్టు లేకుండా ప్రయాణం చేస్తాయి.
ఉత్తర చూసి ఎత్తర గంప, అనేది మా అత్తగారు,
ఎవరి గంప వాళ్ళు ఎత్తుకుని పోతారు.
తాళంచెవులన్నీ మేకులకే వేలాడుతూ
ప్లాట్‌ఫారం మీదికి రైలొచ్చినప్పుడల్లా
సన్నగా వణుకుతాయి.

నాకు ఇష్టమైన రోజులు ఇవే, చెప్పకూడదు గానీ.
దుప్పట్లు ఎండలో వేసి లెక్కపెట్టుకుంటాను.
జనం మరిచిపోయినవి అట్టపెట్టెలోంచి తీస్తాను:
ఒంటి కాలిపట్టీ, హాల్‌టికెట్టు, నాలుగు ఇన్‌హేలర్లు, ఒక పళ్ళసెట్టు.
అడ్రసు ఉన్నవాళ్ళకి కార్డు రాస్తాను.
పళ్ళసెట్టాయన ఇంతవరకు జవాబివ్వలేదు.
ఎలా నములుతున్నాడో.

నిన్న, చిత్తకార్తెలో,
తొమ్మిదో నంబరు సోలయ్య దిగాడు.
ఇల్లెందు. బొగ్గుబాయిలో చేసి రిటైరైనవాడు.
మూడేళ్ళు వరసగా జూన్‌లో వచ్చి
మూడు చేపలు మింగిపోయినవాడు.
ఇప్పుడేం మందు సోలయ్యగారూ, అన్నాను.
ఆయాసం పోయిందమ్మా, ఊపిరి మంచిగనే ఆడుతాంది, అన్నాడు.

మరి వచ్చిన పని?
రిజిస్టరులో ఆ గడి ఉంటుంది. పోలీసులు చూస్తారు.

పెన్ను పట్టుకుని చాలాసేపు గోడకేసి చూసి
గుండ్రటి అక్షరాలతో రాశాడు:
ఓడ చూసి పోదామని.
పొద్దున ఆరింటికి వేన్నీళ్ళు పంపమన్నాడు.

ముప్పై ఒక్కేళ్ళలో ఈ పుస్తకాలు
ఇరవైకి పైనే నిండాయి.
నా పేరు ఎక్కడా లేదు.
వచ్చినవాళ్ళవే రాస్తారు.

ఈ పొద్దు గోడ పూర్తిగా ఆరింది.
ఉబ్బిన నీలమంతా పెచ్చులు పెచ్చులుగా
మెట్ల మీద రాలి ఉంది.
జంగయ్య ఊడ్చి చేటలోకి ఎత్తి
ఇది పారబొయ్యాల్నా అమ్మా, అన్నాడు.
ఉండనీ, అన్నాను.

ఆరున్నర అయింది.
తొమ్మిదో నంబరు తలుపు ముందు
బకెట్టు చల్లారుతోంది.
ఆయనింకా లేవలేదు,
లోపలినుంచి గురక,
ఎక్కడా పిల్లికూత లేదు.