తరుగు

ఇరవై తొమ్మిదేళ్లు రాశాను ఆ మాట.
ఎర్ర అట్ట ఖాతాలో, కుడి నుంచి రెండో గడిలో,
నూటికి పద్నాలుగు.
ఐసు కదా, కరుగుతుంది.
దానికి సంజాయిషీ ఎవరడుగుతారు?

ఫిషింగ్ హార్బరు గేటు దాటగానే ఎడమన మా ఫ్యాక్టరీ.
అమ్మోనియా ఘాటు, తడిసిన ఊక,
తెల్లారగట్ల మూడింటికి
క్రషరు నోట్లో దిమ్మలు పగిలే చప్పుడు.
యజమాని అర్జిల్లి నూకరత్నం.
ఒకప్పుడు ఇదే జట్టీ మీద గంప పక్కన కూచుని
గుప్పెడు ఐసు అరువడిగిన మనిషి.

ఆ ఏడు భీమిలి రోడ్డులో కొత్త కంపెనీ వెలిసింది.
దిమ్మకి పన్నెండు రూపాయలు తక్కువ,
పైగా బోటు పక్కకే తెచ్చి దింపుతారు.
మా ఖాతా బోట్లు ఒక్కొక్కటే మొహం చాటేశాయి.
"మనమూ తగ్గిద్దామమ్మా" అన్నాను.
పలకలేదు.
రుషికొండ హోటల్లో వ్యాపారుల సదస్సుకి వెళ్లింది.
సూటువాళ్లు తెరమీద
పైకి పోయే బాణాలు చూపించారట.
ఒక సంచీ, ఒక పెన్ను, ఒక ప్రశ్న తెచ్చుకుంది.
పెన్ను నాకిచ్చింది.
ప్రశ్న కూడా నాకే:

"తరుగంటే ఏటండి గుమస్తాగారూ?
ఎక్కడ తరుగుతంది? ఏ ఏళప్పుడు?"

నా దగ్గర జవాబు లేదు.
అంకె ఉంది.

గాజువాక పాలిటెక్నిక్కులో చదివిన తెడ్డు హేమలత
అగ్గిపెట్టెలంత పెట్టెలు తెచ్చి
గదికొకటి, బండికొకటి, దిమ్మల వరసకొకటి తగిలించింది.
అవి నిద్రపోవు. మొహమాటపడవు.
పదిహేను రోజుల్లో చెప్పేశాయి.
కరిగేది గదిలో కాదు, బండిలో కాదు.
జట్టీ మీద, మూడు నుంచి అయిదు దాకా,
ఇంకా రాని బోటు కోసం ముందే కొట్టిపెట్టిన ఐసు
గోతాల కింద నీళ్లై
సముద్రంలోకి.

ఆ నీళ్లు దాటుకుంటూనే
చెప్పులు చేత్తో పట్టుకుని
రోజూ ఆఫీసుకొచ్చేవాణ్ణి నేను.

ఇప్పుడు యారాడ కొండ మీది లైటు కనబడగానే
సరంగు ఫోన్లో ఒక గుర్తు నొక్కుతాడు.
అప్పుడు తిరుగుతుంది క్రషరు.
ధర పైసా తగ్గలేదు.
మిగిలింది రెండేసి కిలోల సంచుల్లో కట్టి
గంపలమ్మే ఆడవాళ్లకి, సంచీ పది రూపాయలు.
"పది రూపాయల కోసం ఆ కంపినీవోడు వొంగడు.
మనం వొంగుదాం. నడుం మనకలవాటే."

అందరూ తిరిగి రాలేదు.
పిల్లా అప్పలకొండ బోట్లు నాలుగూ అటే.
ఒక గాలివాన రాత్రి ఫోను టవరు మూగబోయి
ఏడు బోట్లు ఐసు లేక నిలబడ్డాయి.
తిట్లన్నీ ఆమే జట్టీ మీద నిలబడి తింది.
మర్నాటికి గోడ మీద
పాత వైర్‌లెస్ సెట్టు కూడా చేరింది.

మొన్న హేమలత పరుగున వచ్చింది.
"అమ్మా, ఆళ్లూ అవే పెట్టెలు కొన్నారు."
నూకరత్నం టీ ఊదుకుంది.
"కొననియ్యే. బజార్లో దొరికీదే కదా కొన్నాడు."
కాసేపాగి నాకేసి తిరిగింది.
"తరుగిప్పుడెంతండి?"
"నూటికి నాలుగమ్మా."
"అది ఐసుది.
మిగతాది ఎక్కడుందో సూడండి."

క్రషరు ఆగింది.
ఎర్ర అట్ట ఖాతా ఇంకా నా బల్ల మీదే ఉంది.
తెరమీది అంకెలు చూసి
రోజూ సాయంత్రం అందులోకి ఎక్కిస్తుంటాను,
గంటన్నర, గుండ్రటి చేతిరాతతో.
దాన్ని తెరిచేవాళ్లు లేరు.

ఆమె నా కుర్చీ వైపు చూడలేదు.
నేనే చూసుకున్నాను.