ఏడో క్లాసు హాజరు పుస్తకం

ఏడో క్లాసంటే బడి కాదు.
మా మెథడిస్టు చర్చిలో, సముద్రం వైపు నాలుగు బల్లలు,
ఇరవై మూడు పేర్లు,
చేపనూనె మరకలంటిన ఒక పొడుగు పుస్తకం.
పందొమ్మిదేళ్ళుగా దానికి నేనే లీడర్ని.
వచ్చినవాళ్ళకి అడ్డగీత, రానివాళ్ళకి సున్నా,
జబ్బుపడ్డవాళ్ళకి చుక్క.
చందా ఇచ్చుకోలేనివాళ్ళుంటే
నా జేబులోంచి రెండు సెడీలు డబ్బాలో వేసి
చప్పుడు వినపడకుండా దగ్గుతాను.

ఆదివారం ఆరున్నరకే తలుపు తీసేది ఎబో క్వాన్సా.
ఉప్పుగాలికి బిగుసుకున్న గొళ్ళేన్ని ఫాంటీలో తిట్టి
వెంటనే దేవుణ్ణి క్షమించమంటాడు.
ప్రతివారం అదే తిట్టు, అదే క్షమాపణ.
మాకది మొదటి ప్రార్థన కిందే లెక్క.

తర్వాత తెల్లబట్టల ఆడవాళ్ళు వస్తారు,
ఎంత రుద్దినా పొగవాసన వదలని చేతులతో.
అందరికన్నా వెనక అరబా ఒటువా.
ఆమెకి అక్షరం రాదు.
పాటల పుస్తకం ఎప్పుడూ చేత పట్టలేదు.

ప్రసంగం సగంలో ఉంటుంది.
బోధకుడు ఇశ్రాయేలీయుల్ని వెంటేసుకుని
ఇసుకలో కాళ్ళీడుస్తుంటాడు.
మూడో వరసలోంచి ఆమె గొంతు లేస్తుంది.
మనిషి లేవదు, గొంతే.
ఒడ్డున ఇరుక్కున్న పడవకి భుజమానించినట్టు
ఆయన మాట కింద భుజం పెడుతుంది.
ఒక చరణం ఆమెది, తిరుగు చరణం అందరిది.
బోధకుడు ఆగుతాడు. ఆగడం మా ఆచారం.
పాట సద్దుమణిగాక మళ్ళీ నడుస్తాడు,
ఈసారి కాళ్ళు తడుపుకుని.

ఫిబ్రవరిలో కొత్తాయన వచ్చాడు.
మంచివాడు. లేదంటే నాకు పాపం తగులుతుంది.
రోగుల్ని చూడ్డానికి వానలో నడిచి వెళతాడు,
గొడుగు ఇంకెవరికో ఇచ్చేసి.
ప్రసంగం మాత్రం కాగితం చూసి చదువుతాడు.
పద్దెనిమిది నిమిషాలు,
ఒక్క తొట్రుపాటు లేకుండా.

నాలుగు ఆదివారాలు అరబా పాడలేదు.
ఐదోదీ అంతే.

అందరూ వెళ్ళాక చిల్లర లెక్కపెట్టి
కాసేపు ఊరికే కూర్చోవడం నాకలవాటు.
ఖాళీ బల్లలు ఒకటొకటే చిటుక్కుమంటాయి,
ఇందాకటి బరువుల్ని దింపుకుంటూ.
ఆ వేళ ఆమె పేరు దగ్గర నా కలం ఆగిపోయింది.
వచ్చిందా? వచ్చింది.
ఉందా?
నా దగ్గరున్నవి మూడే గుర్తులు.

మంగళవారం పడవలు సముద్రం మీదికి పోవు.
వలలు బాగుచేసుకునేవాళ్ళ మధ్యనుంచి ఆమె ఇంటికెళ్ళాను.
మట్టిపొయ్యి మీద చేపల జల్లెడలు మారుస్తోంది.
గొంతు బాలేదా? అన్నాను.
బానే ఉంది.
కోపమా?
ఆ పిల్లాడి మీదా! అని నవ్వింది.
ఇంకో జల్లెడ దింపాక అంది:
"ఆ కాగితానికి వాకిలి లేదు లీడరు గారూ.
చుట్టూ తిరిగొచ్చాను. అంతా గోడే."
పోనీ ఆయనకి చెప్పనా?
"చెప్పి తీయించుకుంటే ఎట్లా?" అంది.
నాలుగు చేపలు ఆకులో చుట్టిచ్చింది,
చందా బాకీకట.

ఆయనకి చెప్పలేదు నేను.
చెప్పాల్సిందేమో. ఇప్పటికీ తెలీదు.

మొన్నటి ఆదివారం గాలంతా చెమ్మ.
ప్రసంగం మధ్యలో రెండు కాగితాలు అతుక్కుపోయాయి.
ఆయన వేలు తడుపుకున్నాడు, ఊదాడు, గోటితో గీరాడు.
చర్చిలోకి సముద్రం వినిపించింది.
మూడో వరసలో ఎవరో ఊపిరి లోపలికి తీసుకున్నారు,
బావిలోకి చేద వదిలినంత లోతుగా.
ఎవరో కాదు.
ఆయన తలెత్తాడు.
అంతలో కాగితం విడిపోయింది.

ఆయన చదివాడు, చివరిదాకా.
కానీ రెండుసార్లు మూడో వరస వైపు చూశాడు,
అక్కడేదో వదిలేసి వచ్చినవాడిలా.

ఆ సాయంత్రం పుస్తకం తెరిచి
అరబా ఒటువా పేరు పక్కన
సిరాతో సగం గీత గీశాను.
తడి ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను.