సారె లేని కుండ

కాకినాడ రేవులో బియ్యం బస్తాలు ఓడకెక్కించి
బార్జి దిగి తిన్నగా కోటిపల్లి వచ్చాడు తాతబ్బాయి.
తువ్వాలు విప్పితే కుండ.
పీక దగ్గర వెంట్రుకంత బీట.
"ఓడలో వంటవాడిచ్చాడు వదినా,
చీలింది కదా, సముద్రంలో పారేస్తానన్నాడు.
బెనినంట వాళ్ళ దేశం.
మన నూకలు దిగేది అక్కడే."

నేను మొదట దాని అడుగు చూశాను.
కుమ్మరింట్లో పుట్టి కుమ్మరింటికే వచ్చినదాన్ని,
కుండని మొహం చూసి ఎంచను.
తర్వాత లోపల చెయ్యి పెట్టి తడిమాను.
సారె తిరిగితే పడే సన్నటి వరసలు,
గోదారి తగ్గాక ఇసుక మీద మిగిలేలాంటివి,
ఒక్కటీ తగల్లేదు.
తగిలినవి వేళ్ళు.
పక్కపక్కన, ఒకదాని మీదొకటి, ఎవరివో వేళ్ళు.

"సారె లేకుండానే చేశారా?"
తాతబ్బాయి పెరట్లో మూకుడొకటి బోర్లించి
నడుం వంచి, దాని చుట్టూ వెనక్కి వెనక్కి నడిచాడు,
ఒడ్డున పీత నడిచినట్టు.
"డెక్కు మీద ఇలాగే చూపించాడు వాడు.
వాళ్ళమ్మ చేసిందట.
వాళ్ళ ఊళ్ళో కుండలు ఆడవాళ్ళే చేస్తారట,
మగాడు చేస్తే నవ్వుతారట."

మంచం మీద మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

ఏడాదైంది ఆయన కుడిచెయ్యి పడిపోయి.
సారె గోడకి ఆనించి ఉంది,
దాని వెనక కోడిపెట్ట పొదుగుతోంది.
మట్టి తొక్కింది నేను, రాళ్ళేరింది నేను,
చెక్కతో తట్టి కుండకి కడుపు తెచ్చింది నేను,
ఆవం దగ్గర తెల్లార్లూ కళ్ళు మండించుకున్నదీ నేనే.
సారె మాత్రం ముట్టలేదు.
ముట్టకూడదన్నారు.
ఎందుకని నలభై రెండేళ్ళు అడగలేదు.
కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు.
మాకు ఆ పెట్టు ఆయన చేతి మీదే పడింది.

కుండ మచ్చలు మచ్చలుగా నల్లగా మెరుస్తోంది.
మసి కాదు. వాసన చూశాను. వగరు.
"చెట్టు బెరడు కాచి, మంటలోంచి తీసిన వేడి మీదే చల్లుతారట.
మనం వలకి మడచెక్క కషాయం పట్టించమూ, అలాగ."
నైలాను వచ్చాక పుట్టాడు వీడు.
కషాయం పట్టించింది వీడి తాత.
ఊరుకున్నాను.

మర్నాడు ఎవరూ లేవకముందే
లంక నుంచి తెచ్చిన మన్ను తడిపాను.
బోర్లించిన చట్టి మీద అడుగు పరిచి,
మన్ను తాళ్ళుగా పేని, చుట్టు మీద చుట్టు పెట్టి
చంటిదానికి జడ బిగించినట్టు నొక్కుకుంటూ
వెనక్కి నడిచాను.
నడుం పట్టేసింది. కుచ్చిళ్ళు మట్టి కొట్టుకుపోయాయి.
రెండుసార్లు కూలింది.
మూడోసారి, ఎండెక్కాక, మెడ దాకా వచ్చి నిలబడింది.
సారె కదల్లేదు. కోడి కదల్లేదు.
నేనే తిరిగాను.

ఆయన చూస్తున్నాడని తెలుసు.
"ఎడమ పక్కకి వాలింది" అన్నాడు.
చాలాసేపటికి మళ్ళీ,
"తడి చెయ్యి తగ్గించు."

కొబ్బరి మట్టలు, వరిగడ్డి పేర్చి ఆరుబయటే కాల్చాను.
ఆరింట రెండు పగిలాయి.
మిగిలినవాటిలో ఒకటి మంచం దగ్గర పెడితే
ఎడమచేతి కణుపుతో కొట్టి, చెవి ఒగ్గాడు.
ఏమీ అనలేదు.
మళ్ళీ కొట్టాడు.

తాతబ్బాయి ఇంకో ఓడకి వెళ్తున్నాడు.
ఆమెకి ఏం పంపాలో తోచలేదు.
కుండకి కుండ పంపితే బాగోదు.
ఆ వంటవాడు మళ్ళీ ఈ రేవుకి వస్తాడో రాడో.
కనబడితే అడగమన్నాను,
మా నూకలకి మీ అమ్మ ఎసరు ఎంత పెడుతుందని.
ఆవిడ ఉందో లేదో అడగమనలేకపోయాను.

బీట పడ్డది నీళ్ళకి పనికిరాదు.
చింతపండు దాచాను అందులో.
తీసినప్పుడల్లా పీక లోపలి గుంటలో
నా బొటనవేలు ఆనించి చూస్తాను.
నిండదు.
ఆమెది నాకన్నా పెద్ద చెయ్యి.