ఒక గంట

హామర్‌ఫెస్ట్‌లో సూర్యుడు
రెండు నెలల సెలవు మీద ఉన్నాడు.
పగలు పదకొండైనా వీధి దీపాలు ఆర్పలేదు.
గుమ్మం దగ్గర బూట్లు విప్పి
ఊలు మేజోళ్ళతో లోపలికొచ్చారు
సిగ్వార్త్, ఎల్డ్రిడ్.
ఒక కుర్చీలో ఎడమొహం, ఒక కుర్చీలో పెడమొహం.

"ఇది తప్పనిసరా?" కూర్చోకముందే అడిగాడతను.
ఇరవై రెండేళ్ళుగా ఈ గదిలో మొదటి మాట అదే.
తప్పనిసరే.
పదహారేళ్ళు నిండని పిల్ల ఉన్న ఇల్లు
రెండిళ్ళు కావాలంటే
ముందు నా దగ్గర ఒక గంట గడవాలి.
ఆ తర్వాత ఒక కాగితం, దాని మీద నా సంతకం.
కలపడం నా పని కాదు. విడదీయడమూ కాదు.

చట్టం రమ్మంటుంది, వస్తారు.
కూర్చోమంటుంది, కూర్చుంటారు.
గొంతులో చెయ్యి పెట్టి
మాటని బయటికి లాగడం మాత్రం దానికి చేతకాదు.

సున్నివా ఏ వారం ఎవరి దగ్గర, అని నేను.
గురువారాలు ఈత క్లాసు, అని ఆమె.
నాకు తెలుసు, అని అతను.
తెలిస్తే ఒక్కసారైనా తువ్వాలు ఆరేశావా, అని ఆమె.
తర్వాత పదకొండు నిమిషాలు గదిలో ఎవరూ లేరు
గడియారం ముల్లు తప్ప.
అది గుచ్చుకుంటూ నడిచింది.

ఇలాంటప్పుడు ఏమనాలో శిక్షణలో నేర్పారు.
నేను అది అనలేదు. కాఫీ పోశాను.
నా సొంత గంటలో, అవతలి కుర్చీలో,
నాకెవరూ పోయలేదని గుర్తొచ్చి.

కప్పు అందుకుంటూ కిందికి చూసింది ఎల్డ్రిడ్.
ఇద్దరివీ ఒకే అల్లిక, బూడిద రంగు మీద ఎర్ర గీత.
వాళ్ళమ్మ అల్లినవి.
అతని కుడి మేజోడుకి చిల్లు,
బొటనవేలు బయటికొచ్చి
ముడుచుకుని ఉంది, ముద్దాయిలా.

"అమ్మ చూస్తే చంపేస్తుంది."
"అందుకే లోపలికి పిలిచినా వెళ్ళలేదు. బూట్లు విప్పాలిగా."
"అమ్మ దగ్గరికి వెళ్ళావా?"
"వాకిట్లో మంచు తీయడానికి. ప్రతి మంగళవారం."

ఫారంలో దీనికి గడి లేదు.

గంటైంది. సంతకం చేశాను.
విడిపోయారు, అక్కడ పొరపాటు పడకండి.
కాగితం ఆరు నెలలు చెల్లుతుంది,
వాళ్ళకి మూడు వారాలు చాలింది.
ఒప్పందంలో ఒక్క వాక్యం ఆమె చెప్పి రాయించింది:
మంగళవారాలు అమ్మమ్మ ఇంటికి
పిల్లని నాన్నే తీసుకెళ్ళాలి.

తువ్వాలు గురించి ఎవరూ ఏమీ రాయలేదు.