బంక కలపని సున్నం

న్యాక్ టీం వస్తదని
యూనివర్సిటీకి ఒక్కపారే తెల్లబట్టలు తొడుగుతున్నరు.
గేటు కాడి నుంచి గర్ల్స్ హాస్టల్ దాకా
రెండు ఫర్లాంగుల గోడ,
పదకొండు మంది కూలోళ్ళు, మూడు డ్రమ్ముల సున్నం.
అండ్ల ఒకడు మా నాయిన.
పేరు ఓదెలు.
కాంట్రాక్టరు పుస్తకంల ఏడో నంబరు.

ఆ గోడ మీద ముందురాత్రి రాసింది నేను.
మూడే మాటలు, నీలం రంగు:
మా సమ్మక్క ఏడవాయె?

సమ్మక్కంటే ఈసం సమ్మక్క.
రూమ్ నంబరు ముప్పై ఆరు, కిటికీ పక్క మంచం.
ఎమ్మెస్సీ బాటనీ.
అడివిల ఆకును కండ్లు మూసుకొని వాసనతోని పట్టేది,
ల్యాబుల దాని లాటిన్ పేరు నోరు తిరగక తల దించుకునేది.
"కోటాల వచ్చినోళ్ళకు గింత తెలిస్తే చాలు" అని
సారు నవ్విండు, క్లాసు నవ్వింది.
నేను నవ్వలే గని
నవ్వకుండ్రి అని గూడ అనలే.

స్కాలర్‌షిప్ రాలే. మెస్ బిల్లు వచ్చింది.
నోటీసు బోర్డు మీద ఆమె పేరు,
ఇంటిపేరుతోని, ఎర్రగీతతోని.
ఒకనాడు తెల్లారకముందే
ట్రంకు పెట్టె నెత్తికెత్తుకొని
హనుమకొండ బస్టాండుల ఏటూరునాగారం బస్సెక్కింది.
సర్టిఫికెట్లు ఆఫీసుల, మనిషి అడివిల.
మంచం కింద ఒక చెప్పుల జత మరిచిపోయింది.
ఊడ్చినప్పుడల్లా వాటిని జరిపి
మళ్ళ అక్కడ్నే పెడుతున్న.

పొద్దుగాల వాచ్‌మన్ సారంగపాణి
గోడ చదివి, చెప్పులిడిసి దండం పెట్టిండట.
"జాతర ఏడాది. తల్లి పేరు ఎవలు రాసిండ్రో."
కూలోళ్ళు బ్రష్షులు దించిండ్రట.
నిలువెత్తు బంగారం మొక్కిన చేతులాయె,
తల్లి మీద సున్నం ఎట్ల కొడ్తయి?
సూపర్‌వైజరు బండి దిగకుంటనే
"దేవతైతేంది, ఆడిపిల్లైతేంది,
పది కొట్టేసరికి గోడ తెల్లగుండాలె" అన్నడట.
ఈ క్యాంపస్‌ల అందరిని సమానంగ చూసింది
వాడొక్కడే.

మా నాయిన దండం పెట్టలేదట.
అక్షరాలను చూసుకుంట నిలవడ్డడట.
అన్నీ ఎడమ దిక్కు ఒరిగినయి,
ఈదురుగాలికి పొట్ట వరి ఒరిగినట్టు.
పుర్రచేతి రాత.
పంతులు బెత్తంతోని మాన్పియ్యలేని రాత.
మా తలుపు మీద బొగ్గుతోని
మొదటిపారి నా పేరు గీసుకున్న రాత.
నాయినకు చదువు రాదు.
నా రాత వస్తది.

శనివారం నేను హసన్‌పర్తికి పోయేసరికి
వాకిట్ల కూసోని
సున్నం తిన్న వేళ్ళకు కొబ్బరినూనె రాస్తున్నడు.
తిడ్తడనుకున్న.
"మనింటికొచ్చి అంబలి తాగిన పిల్లనేనా?" అన్నడు.
ఆ అన్న.
"దొరికిందా?"
లేదన్న.
చానసేపు చేతులు చూసుకొని
"సున్నంల బంక కలపలే.
రెండు వానలకు లేస్తది" అన్నడు.
అమ్మ కంచాలు పెట్టింది. కూర ఉప్పెక్కువైంది.
ఎవలం అనలే.

టీం వచ్చింది, శాలువాలు కప్పిండ్రు,
మంచి గ్రేడే వచ్చిందట.
మిరుగు ఎల్లినంక
రెండో వానకు నీలం తేలింది.
"సమ్మ" దాకా తేలి ఆగింది,
రెండొద్దులకు "క్క".
దాని వెనుక
నేను పుట్టకముందు ఎవలో రాసిన ఎర్ర ముక్కలు,
వాటి వెనుక ఇంకేవో,
ఒక్కటీ నిండుగ చదవరాదు.

కాంట్రాక్టరు రెండు దినాల కూలి కోసిండు.
బంక కలపంది ఎవడో తెల్వక
పదకొండు మందికీ కోసిండు.
ఎవలూ ఎవల పేరూ చెప్పలే.

నోటుబుక్కుల బాకీలు రాస్తున్న, అదే పుర్రచేత్తోని:
సమ్మక్క స్కాలర్‌షిప్, పద్నాలుగు నెలలు.
క్లాసు నవ్విన నవ్వు ఒకటి.
నేను మూసుకున్న నోరు ఒకటి.
పదకొండు మంది, తలా రెండు దినాలు.

ఆదివారం ఏటూరునాగారం బస్సు ఆరున్నరకు.
చెప్పుల జత దులిపి
సంచిల పెట్టుకున్న.