పొగతోటలో నలభై ఒకటో నంబరు

పేరే పొగతోట.
నెల్లూరులో ఈ వీధి పొడుగునా వెతికినా
ఒక్క ఆకు కనపడదు.
స్కానింగులు, ల్యాబులు, మందుల షాపులు,
మెట్ల కింద మూలిగే జిరాక్సు మిషను.
అమ్మతో చెబితే నవ్వింది:
"ఆకంతా మా కందుకూరు గోడౌన్లో ఉందిలేమే,
మీవోళ్లు పేరొకటి ఉంచుకున్నారు."

పోస్టులు రెండు.
నా చీటీ మీద నలభై ఒకటి.
నా వెనక వరస మెట్ల మలుపు తిరిగి
లిఫ్టు దాకా,
లిఫ్టు నించి అంబులెన్సు ఆగే చోటు దాకా
తెల్ల కోట్లు, నూనె రాసి బిగించిన జడలు,
చంకల్లో ప్లాస్టిక్ ఫైళ్లు.
సగం మందిని ఎరుగుదును.
హాస్టల్లో ఒకే బకెట్టుకి కొట్టుకున్నోళ్లం,
రబ్బరు చేతికి సూది గుచ్చీ గుచ్చీ విసుగేసి
ఒకరి చేతికొకరం గుచ్చుకున్నోళ్లం.
ఇవాళ ఎవరి చూపూ ఎవరి ఫైలూ దాటదు.

మస్తాన్‌బీకి రోజా.
నాలిక పిడచగట్టి, లోపల తన పేరైనా
సరిగ్గా పలకలేనేమోనని భయం.
కెజియా పెదాలు కదులుతున్నాయి,
ప్రార్థనో, డోపమిన్ డోసో.

రెండేళ్ల అనుభవం ఉందా అంటారంట.
"మీరిస్తేనే గదా సార్ వచ్చేది" అని
లోపలికెళ్లిన ప్రతి పిల్లా లోపల మింగేసి
బయటికొచ్చి మాకు వినిపించింది.
తొమ్మిది వేలు. పన్నెండు గంటలు.
ఒరిజినల్స్ వాళ్ల బీరువాలో.
సరేనన్నవాళ్లని గోడవారగా
వేరే కుర్చీల్లో కూర్చోబెడుతున్నారు.

ఇది అమ్మకయితే విడమరిచి చెప్పక్కర్లేదు.
ఈనె చూసి, రంగు చూసి,
వేళ్ల మధ్య ఒక్కసారి నలిపి
మేలాకు ఇటు, మచ్చాకు అటు
ఇరవై రెండేళ్లుగా విసిరిన చెయ్యి ఆమెది.
"ఆకులో ఏముందిమే,
ఆ ఏడు కొనేవోడికి ఎంత గావాలో అంతే మేలాకు.
మిగిలిందంతా మచ్చే" అంటుంది
దగ్గుతూ.

పదకొండు దాటాక ఎదురుగా వార్డు తలుపు తెరుచుకుంది.
మొదటి మంచం మీద ఎవరో పెద్దాయన.
సెలైన్ సీసా ఖాళీ.
గొట్టంలో రక్తం ఎర్ర చీమల బారులా
పైకి పాకుతోంది.
అందరం చూశాం.
చూడగానే ఏం చెయ్యాలో అందరికీ తెలుసు,
మార్కులు కూడా వచ్చాయి దానికి.
లేస్తే కుర్చీ పోతుంది.

పెంచలరత్న లేచింది. నలభై ఆమెది.
చీటీ నా ఒళ్లో పడేసి
చక్రం తిప్పి ఆపి, సిస్టర్ని కేకేసి,
పెద్దాయన దుప్పటి కాళ్ల మీదికి లాగి
వచ్చి గమ్మున కూర్చుంది.
"చూపించుకోడానికి" అని
ఎవరో గొణిగారు.
ఎవరో కాదు.
నేనే.

ఆమె విన్నదో లేదో.
లోపలికెళ్లి ఆరు నిమిషాల్లో బయటికొచ్చి
తలుపు పక్కనే వంగి బూట్లు విప్పి
నా ముందుకు తోసింది.
ఇద్దరికీ కలిపి కొన్న ఒకటే జత.
ఆమె కాలు ఏడు, నాది అయిదు.
ముందు దూది కుక్కుకుని
నేను లోపలికెళ్లాను.
అనుభవం ఉందా అన్నారు.

నాలుగో రోజు ఫోనొచ్చింది, ఆమెకే.
దుప్పటి లాగినందుకో,
తొమ్మిది వేలకి తల ఊపినందుకో
ఎవరు చెబుతారు.
నేనూ ఊపాను మరి.

ఆమెది నైట్ డ్యూటీ.
బూట్లు ఆమె దగ్గరే ఉన్నాయి.
శనివారం పక్క సందులో ఇంకో ఆస్పత్రి,
ఒకటే పోస్టు, తొమ్మిదింటికి రమ్మన్నారు.
ఆమె ఎనిమిదికి దిగుతుంది.

ఆ మాట అన్నది నేనేనని చెప్పాలనుంది.
ఏడున్నరకే వెళ్లి గేటు దగ్గర నిలబడతాను,
గుప్పిట్లో రెండు దూది ఉండలతో.
చెబుతానో లేదో తెలీదు.
రాత్రంతా మంచాల మధ్య తిరిగి
ఇంకా వెచ్చగా ఉన్న బూట్లలో
కాళ్లు మాత్రం పెడతాను.