ఉద్దెర గోడ

రేపు పొద్దుగూకే వరకు గోడ తెల్లగ కావాలన్నడు కొత్త ఓనరు.
ఎల్లుండి బోర్డు రాయాలె,
ఎర్రటక్షరాలు, నీలం అంచు:
బార్ అండ్ రెస్టారెంట్, ఏసీ కలదు.
అడ్వాన్సు జేబుల ఏసుకొని
రేకు పట్టుకొని గీకుడు మొదలువెట్టిన.

నారాయణపేటల పాత కాంపౌండంటే ఇదే.
పైన పచ్చరంగు, మొన్నటి ఎలక్షన్లది.
దాని కింద నీలిమందు కలిపిన సున్నం.
దాని కింద ఉత్త సున్నం,
గోరు తగిలితే పెళ్లలు పెళ్లలుగ ఊడొస్తది.
అన్నిటికి అడుగున మట్టిగోడ,
మట్టిగోడ నిండ బొగ్గుగీతలు.

నాలుగు నిలువు, మీద ఒకటి అడ్డం.
ఒక్కో వరుసకు తలకాడ ఒక బొమ్మ.

ఇది దస్తగీరు మున్షీ లెక్క.
ఆయనకు ఉర్దూ తప్ప రాయరాదు,
తాగెటోళ్లకు ఏదీ రాదు.
లెక్కల దగా ఉందని ఒక రాత్రి
లొట్లు పగిలినయంట, తలలు కూడ.
తెల్లారి ముస్తాజరు ఆశన్నగౌడు అన్నడంట:
"పేర్లు రాయకు మున్షీ, బొమ్మలు గియ్యి.
ఎవని బాకీ వాడే చదువుకుంటడు."

నాకిదంత చెప్పింది గుడాల జంగిలమ్మ.
హాలి పైసకు ముంతెడు కల్లొచ్చే నాటి నుంచి
గేటుకాడ బొబ్బర్లు ఉడకేసిన మనిషి.
కండ్లు పోయినంక కూడ
చెప్పుల సప్పుడు విని
ఎవనికెంత కారమో తప్పకుండ ఏసేది.

నాడె బొమ్మ నేతోళ్లది.
పెండ్లిండ్ల దినాలల్ల దాని కింద ఒక్క గీత ఉండేది కాదంట,
చీరలు అమ్ముడువోతయి గద.
ఆరె బొమ్మ, మంగలికత్తి బొమ్మ,
ఇగ సుత్తె బొమ్మకు పదకొండు వరుసలు,
ఆడికే ఆగిపోయినయి.
గుంపుమేస్త్రి ఎంబడి ఏ డ్యాము కట్టవోయిండో.
పైసలు కడితే మున్షీ తడిగుడ్డతోటి తుడిచేటోడు.
తుడవని గీతంటే
తిరిగిరాని మనిషి.

ఒకకాడ ఉత్త సున్న చుట్టిండు, లోపల ఏం లేదు.
రజాకార్ల దినాలల్ల తుపాకులతోటి వచ్చి
తాగి, మూతి తుడుచుకొని పోయినోళ్లదంట.
వాళ్లకు ఏ బొమ్మ గియ్యాలె?
నోరు ఒక్కటే గీసిండు మున్షీ.

సున్నం పొర కాడికొస్తే గీతలు లేవు. అది నగదు కాలం.
ఊరి చుట్టు ఈతవనాలు ప్లాట్లయినయి,
మోకులు దూలాలకు ఏలాడినయి,
అయినా పొద్దుగాల గంపల సీసాలు నిండుగనే దిగేవి.
ఏ చెట్టుదని ఎవరు అడుగలే.
మా నాయిన ఉషన్న కూడ అడుగలే.
సీసా దొరకని నాడు
ఆయన మెడ ఒకదిక్కే గుంజేది,
దవాఖానల మంచానికి కట్టేస్తే
నా పేరు మర్చి, సీసా ధర చెప్పిండు.

మధ్యాహ్నం మూడింటికి మూలకు దొరికింది,
కొడవలికి గాజు తొడిగిన బొమ్మ.
మా అవ్వ సవారమ్మ.
నాట్ల నుంచి బురదకాళ్లతోటే వచ్చి
మొగోళ్ల నడుమ రాయి మీద కూసునేదంట.
తాగే ముందట మూడు సుక్కలు సాకవోసేది,
కాటమయ్యకొకటి, భూమికొకటి,
మూడోది ఎవరికో చెప్పేది కాదంట.

బొమ్మ కింద మూడు గీతలు.

గుడ్డ తడిపి రుద్దిన.
బొగ్గు మట్టిల ఇంకిపోయింది, రాలేదు.
పైసలు ఇద్దామంటే ఎవరికియ్యాలె?
ఆశన్నగౌడు మనుమడు జాగ అమ్ముకొని పట్నం పోయె.
జంగిలమ్మ పోయి రెండు వానకాలాలు.
చేసేదేం లేక ప్రైమరు కలిపిన.

సుత్తె పోయింది. నాడె పోయింది.
ఆ ఖాళీ నోరు కూడ మూసుకుంది.
రెండు కోట్లేసినా
మూలకు మూడు గీతలు
పలుచటి పాల కింద చీమల లెక్క కనవడుతనే ఉన్నయి.

దీపాలు పెట్టే యాళ్లకు ఓనరొచ్చిండు,
సెల్లు లైటు కొట్టి చూసిండు.
"ఇంకో కోటెయ్యి" అన్నడు.
డబ్బా అయిపోయిందన్న.
కొత్త డబ్బా తెప్పిచ్చిండు,
చిన్న నోటుబుక్కు తీసి
దాని పైసలు నా పేరు మీద రాసుకుండు.